సినిమాలో లేని గుండీ

జులై 2

అక్కా,

బావ మోకాలు ఎలా ఉంది, నీ కొట్టు ఎలా నడుస్తోంది అని అడిగే ఓపిక కూడా లేకుండా రాస్తున్నాను. నిన్న సాయంత్రం ‘రెండో తాళంచెవి’ సినిమా చూసొచ్చాను. వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. మీ మరదలు నా మొహం చూసి, “ఎవరు పోయారు?” అంది. “నవల పోయింది” అన్నాను.

ఫోన్ చేసి తనివితీరా తిట్టుకుందామంటే నీకు వినపడదు, చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకే ఈ ఉత్తరం. రేపటి డ్యూటీ చార్టు పక్కకి నెట్టి డిపోలో కూర్చుని రాస్తున్నాను. రేపు ఏ బస్సు ఏ డ్రైవరు తోలుతాడో వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు.

మన నవలని ఏం చేశారో తెలుసా? రేవు దగ్గర టికెట్ల గదిలో పనిచేసే ఆవిడ. వేళ్ళనిండా సిరా మరకలు. ఇద్దరు పిల్లలు, రెండు గదుల ఇల్లు. ఒకరోజు ఏమీ చెప్పకుండా ఇంటి రెండో తాళంచెవి తీసుకుని వెళ్ళిపోతుంది. ఇదే కదా కథ? సినిమాలో ఆవిడ గోళ్ళకి రంగు. రెండు గదుల ఇంట్లో గుండ్రంగా తిరిగే మెట్లు. మెట్లెక్కితే ఏముందో చివరిదాకా చూపించలేదు. తాళంచెవిని బంగారు గొలుసుకి వేలాడదీశారు, పాటలో అది తళుక్కుమంటూ ఉంటుంది. చివర్లో వానలో తల్లిని తెచ్చి అందరి కాళ్ళమీదా పడేసి, అందరిచేతా ఏడిపించి పంపించారు.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. సినిమా అన్నాక పాటలూ వానలూ తప్పవు. కానీ ఆ మధ్యాహ్నం సీను లేదక్కా! తల్లి ఆ తాళంచెవితో వచ్చి, ఎవరూ లేని ఇంట్లో కాసేపు ఉండి, కొడుకు చొక్కాకి ఊడిన గుండీ కుట్టి వెళ్ళిపోయే సీను. తెల్ల దారం దొరక్క పచ్చ దారంతో కుడుతుంది చూడు, అది. నవలకి ప్రాణమే అది.

పుస్తకంగా వేసినప్పుడే దాన్ని కోసేశారు, నీకు తెలుసుగా. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని పుస్తకం చేసేటప్పుడు పేజీలు తగ్గించడం మామూలే. కానీ సినిమావాళ్ళయినా పాత పత్రికలు వెతికి అసలుది తీస్తారని ఇన్నాళ్ళూ ఆశపడ్డాను. ఈ నెల ఆఖరి ఆదివారం మా లైబ్రరీ హాల్లో సభ పెట్టారు. డైరెక్టరూ వస్తున్నాడు, రచయిత్రీ వస్తున్నారట. నిలబడి అడిగేస్తాను.

ఆ సీరియల్ నువ్వు చదివి వినిపిస్తుంటే విన్నవాణ్ణి. నేను కాకపోతే ఎవరు అడుగుతారు?

నీ తమ్ముడు

*

జులై 8

పొట్టీ,

ఆరడుగుల మనిషిని ఇంకా ఇలా పిలుస్తున్నానని మూతి ముడుచుకోకు. ఇంకో పేరు నా నోటికి రాదు.

నీ ఉత్తరం వచ్చేసరికి కొట్లో బడిపిల్లల బట్టలు గుట్టపడి ఉన్నాయి. బళ్ళు తెరిచి నెల కూడా కాలేదు కదా, పిల్లలు పెరిగినంత వేగంగా అంచులు విప్పి పొడుగు చెయ్యాలి. నా నడుము నాది కాదు. మీ బావ మోకాలికి నూనె రాసుకుంటూ పేపర్లో ఉన్న ప్రపంచాన్నంతా తిడుతున్నాడు, అంటే బాగానే ఉన్నాడు.

సినిమా నేనూ చూశాను. నీ మేనకోడలు బలవంతాన లాక్కెళ్ళింది. నాకు ఒక్క మాట వినపడితే ఒట్టు. తెరమీద పెదాలు కదులుతుంటాయి, పక్కనున్నవాళ్ళు ముక్కు చీదుకుంటుంటారు, నేనేమో ఆ హీరోయిన్ జాకెట్టు భుజం దగ్గర ఎంత అన్యాయంగా కుట్టారో చూస్తూ కూర్చున్నాను. ఏసీ చల్లగా ఉంది. కాసేపటికి కునుకు పట్టేసింది. లేచేసరికి తెరమీద వాన.

కాబట్టి నీ కోపం నాకు సగమే అర్థమైంది. తీరిక ఉన్నప్పుడు సినిమా కథ మొదటినించీ రాసి పంపు. చిన్నప్పుడు నీకు నేను అన్నీ చదివి వినిపించలేదూ? ఇప్పుడు నీ వంతు.

ఆ గుండీ సీను సంగతి నాకంత గుర్తు లేదురా. ఎప్పటి మాట! సభల్లో లేచి నిలబడి పెద్దావిడని నిలదీయడం ఎందుకు? ఆవిడకీ వయసైపోయింది. సినిమావాళ్ళ చేతుల్లో పడిన మనిషిని మనం కూడా పీక్కుతినడం దేనికి? వదిలెయ్యి.

అక్క

*

జులై 12

అక్కా,

గుర్తు లేదా?

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని రోజంతా తిరిగాను. ఎవరు మర్చిపోయినా నువ్వు మర్చిపోతావనుకోలేదు. మన వీధి మొత్తానికి ఆ వారపత్రిక ఒక్క కాపీయే కొనేవాళ్ళు. డాక్టరుగారింట్లో మొదలై, ఇల్లిల్లూ తిరిగి, ఆఖరుకి మన గుమ్మంలోకి వచ్చేసరికి దాని అట్ట వేలాడుతూ ఉండేది. నాన్న మిల్లునించి వచ్చి స్నానం చేసి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. నువ్వు దీపం దగ్గరికి జరిగి చదివేదానివి. అమ్మ వెళ్ళిపోయిన ఏడాది మనింట్లో వినిపించిన మాటలన్నీ ఆ సీరియల్లోవే. మిగతా వారమంతా ఎవరం మాట్లాడుకున్నాం?

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. మీ మరదలికి కూడా చెప్పలేదు. నీకు గుర్తు లేదన్నావు కాబట్టి చెప్తున్నాను.

అమ్మ ఒకసారి వచ్చింది.

నువ్వు ఆ భాగం చదివిన మర్నాడు బడికి చొక్కా వేసుకుంటుంటే చూశాను. ఎప్పట్నించో ఊడిపోయి ఉన్న గుండీ, పచ్చ దారంతో కుట్టి ఉంది. కథలో ఉన్నట్టే. ఆ పచ్చ దారం అమ్మదే. దిండు గలీబుల మీద ఆకులు కుట్టింది దాంతోనే కదా. నాన్నకి సూది పట్టుకోవడం రాదు. నీకప్పటికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మరెవరు కుడతారు? అమ్మ దగ్గరా రెండో తాళంచెవి ఉండేది. ఆ కథ అమ్మ కూడా ఎక్కడో చదివి ఉంటుందనీ, చదివి మధ్యాహ్నం వచ్చి వెళ్ళిందనీ నాకు తెలిసిపోయింది.

చెప్తే నాన్న తాళం మార్చేస్తాడని భయం వేసి ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత బడినించి రాగానే ముందు నా బట్టలు చూసుకునేవాణ్ణి. ఒకట్రెండు గుండీలు నేనే కావాలని తెంపాను కూడా. మళ్ళీ రాలేదు. అయినా ఒకసారి వచ్చింది కదా అక్కా. నేను ఇంత వయసువరకూ మనిషిలా తిరుగుతున్నానంటే ఆ ఒక్కసారి వల్లే.

అందుకే ఆ సీను వదలను. సభలో అడుగుతాను. ఆ రచయిత్రి నోటినించి ఒక్కసారి వినాలని ఉంది.

తమ్ముడు

*

జులై 17

పొట్టీ,

నీ ఉత్తరం అందింది. తొందరలో రాస్తున్నాను.

ఆ ఆదివారం సభకి వెళ్ళకు. ఇక్కడికి రా. మీ బావని మోకాలికి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, నా వల్ల కావడం లేదు. ఆయన బరువు నేను మొయ్యలేను, డాక్టరు చెప్పేది నాకు వినపడదు. నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది. రెండు రోజులు సెలవు పెట్టు. ఎన్నేళ్ళయింది నువ్వు మా ఇంట్లో పడుకుని.

నువ్వు రాసిన సంగతి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడక్కు. నా మాట విను.

అక్క

*

జులై 22

అక్కా,

బావకి ఫోన్ చేశాను. “నా మోకాలికేం? నిన్న మార్కెట్‌దాకా నడిచి వచ్చాను. మీ అక్క ఈమధ్య కోపంగా ఉంటోంది, కత్తెర ఎక్కడ పెట్టిందో మర్చిపోయి నన్ను తిడుతోంది” అన్నాడు. అబద్ధం ఆడటం నీకు చిన్నప్పట్నించీ రాదు.

రాత్రి పడుకుని ఆలోచిస్తే అర్థమైంది. నేను రాయకుండా ఉండాల్సింది. అమ్మ వచ్చిందని చదివి నీకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు. నా చొక్కాకి గుండీ కుట్టింది, నీకోసం ఏమీ చెయ్యకుండా వెళ్ళిపోయింది. నీకు కష్టంగా ఉండదూ? అక్కా, అలా అనుకోకు. నీ బట్టలకి గుండీలు ఊడేవి కావు, నువ్వు అన్నీ జాగ్రత్తగా పెట్టుకునేదానివి. చెయ్యడానికి ఏమీ కనపడి ఉండదు. అంతే.

నువ్వు ఆ సీను గుర్తు లేదన్నది కూడా అందుకే అయి ఉంటుంది. మనసుకి కష్టమైనవి మనిషి మర్చిపోతాడు. కోపం తెచ్చుకోకు. సభకి మాత్రం వెళ్తున్నాను, ముందు వరసలో కుర్చీ కూడా చెప్పి ఉంచాను. వచ్చేవారం మీ ఇంటికి వస్తాను.

నీ పొట్టి

*

జులై 29

అక్కా,

వెళ్ళాను. అడిగాను.

వేదిక మీద రచయిత్రి చివరి కుర్చీలో ఉన్నారు. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు కూర్చున్నారు. డైరెక్టరు చాలాసేపు మాట్లాడాడు. ఆ గుండ్రటి మెట్లు మనసుకి సంకేతమట. తరవాత ప్రశ్నలు అడగమన్నారు. నేను లేచి మైకు తీసుకుని మొత్తం చెప్పాను, పచ్చ దారం దాకా. సీరియల్లో ఉన్నదాన్ని పుస్తకంలో ఎందుకు తీసేశారు, సినిమాలో అయినా ఎందుకు పెట్టలేదు అని అడిగాను.

ఆవిడ నావైపు చూసి, “నేను రాయలేదు బాబూ” అన్నారు. పత్రికలో వచ్చింది, మా అక్క చదివింది అన్నాను. “నా సీరియల్లోంచి పుస్తకానికి ఒక్క వాక్యం కూడా తియ్యలేదు. నా కథలో ఆవిడ రాదు. ఈయన తీసినట్టు వానలో ఏడుస్తూనూ రాదు, మీరు చెప్పినట్టు గుండీ కుట్టడానికీ రాదు. రాకపోవడం గురించే కదా నేను రాసింది” అన్నారు.

హాల్లో నవ్వారు. డైరెక్టరు తన బూట్లు చూసుకున్నాడు. నేను మైకు ఎవరికిచ్చానో గుర్తు లేదు. బస్సుల మనిషిని, ఇంటికి నడుచుకుంటూ వచ్చాను.

ఆ వారం మనింటికి వచ్చిన పత్రికలో ఏముంది అక్కా?

*

ఆగస్టు 3

పొట్టీ,

నువ్వు అన్నం సరిగ్గా తినడం లేదని, గోడవైపు తిరిగి పడుకుంటున్నావని మరదలు నీ మేనకోడలికి ఫోన్ చేసి చెప్పింది. ముందు లేచి ఇది చదువు.

పత్రికలో ఏమీ లేదు. ఆ పేజీలే లేవు. ఏ ఇంట్లోనో పిల్లలు పడవలు చేసుకున్నారో, ఏ ఇల్లాలు వెనకపేజీలోని అల్లిక బొమ్మ కోసం చింపుకుందో. మనది ఆఖరి ఇల్లు కదా, అలాంటివి అవుతూనే ఉండేవి. మిగతావాళ్ళకి ఒక వారం పోతే పోయింది. మనకి అలా కాదు. నువ్వు ముందే వచ్చి మఠం వేసుకుని కూర్చునేవాడివి. నాన్న కళ్ళు మూసుకుని ఎదురుచూసేవాడు. ఈ వారం లేదు అని మీ ఇద్దరికీ చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే పేజీలు లేని వారాల్లో పత్రిక మొహానికి అడ్డంగా పట్టుకుని ఏదో ఒకటి చదివేదాన్ని. నీకు బాగా నచ్చిన పడవవాడి పాత్ర కూడా నాదే. సినిమాలో వాడు లేడని నువ్వు గమనించలేదా?

ఆ రోజు నేను మధ్యాహ్నమే బడినించి వచ్చేశాను. ఊడిన గుండీతో నువ్వు వారం రోజులుగా బడికి వెళ్తున్నావు, పిల్లలు నవ్వుతున్నారని పక్కింటావిడ అంది. నాకు రోషం వచ్చింది. ఆ రోజు నువ్వు రెండో చొక్కా వేసుకెళ్ళావు, గుండీ ఊడినది ఇంట్లోనే ఉంది. నువ్వన్నట్టు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అమ్మ దారాల డబ్బా తీస్తే అడుగున పచ్చ దారం ఒక్కటే ఉంది. వేలు పొడుచుకుంటూ కుట్టాను. నేను కుట్టిన మొదటి గుండీ అది. సాయంత్రం పత్రిక వచ్చింది, పేజీలు లేవు, ఎదురుగా కుర్చీమీద నీ చొక్కా ఉంది. కంటికి కనపడిందే కథ చేశాను. నువ్వు దాన్ని అమ్మ కుట్టిందనుకుంటావని నాకెలా తెలుస్తుంది? మర్నాడు చొక్కా చూసుకుని నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. వీడికి గుండీ కుట్టినా గమనించడు అని రెండు రోజులు నీతో మాట్లాడలేదు కూడా.

నాన్నకి తెలుసో తెలియదో నాకు తెలియదు. తాళం మార్చమని మామయ్య వచ్చినప్పుడల్లా పోరుపెట్టేవాడు. ఆ సాయంత్రం తరవాత నాన్న ఆ మాట ఎత్తనివ్వలేదు. ఇల్లు ఖాళీ చేసేదాకా అదే తాళం.

నిన్ను క్షమాపణ అడగడం లేదు. పదమూడేళ్ళ పిల్లకి చేతనైంది చేశాను, ఇంటెడు చాకిరీ మధ్యలో. కానీ నువ్వు రాసిన ఉత్తరం చదివినప్పట్నించీ మిషన్ మీద చెయ్యి ఆడటం లేదు. నీ దగ్గరున్న ఆ ఒక్కటీ నేను తీసేసుకున్నట్టయింది. సభకి వెళ్ళొద్దన్నది అందుకే. ఇచ్చింది నేనే అయినా సరే, వెనక్కి తీసుకునేది నేను కాకూడదనుకున్నాను.

దారం మాత్రం అమ్మదేరా. అది అబద్ధం కాదు.

అక్క

*

ఆగస్టు 10

అక్కా,

అమ్మ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఇంకా అలవాటు కాలేదు, డ్యూటీ చార్టులో ఒక బస్సుకి ఇద్దరు డ్రైవర్లని వేసి తిట్లు తిన్నాను. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోను. మీ మరదలు చూసి టీ పెట్టిచ్చింది.

సరే, నువ్వు సినిమా కథ రాసి పంపమన్నావు కదా. నా వంతు అన్నావు. ఇదిగో.

రేవు దగ్గర టికెట్ల గది. కిటికీలోంచి ఒక చెయ్యి మాత్రమే కనపడుతుంది, వేళ్ళకి సిరా. రెండు గదుల ఇల్లు, మెట్లు లేవు. పాటలు కూడా లేవు, నువ్వు నిద్రలో చూసినవి పక్క హాల్లోవి. తాళంచెవి ఇనుపది, మామూలు దారానికి కట్టి ఉంది. పడవవాడు ఉన్నాడు, బాగా చేశాడు. తల్లి ఒకరోజు పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఎందుకో చెప్పరు. తండ్రి మిల్లునించి వచ్చి గోడకి ఆనుకుంటాడు.

తరవాత ఒక మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. కుర్చీమీద చిన్న చొక్కా. వీధి తలుపు అవతల తాళం తిరిగిన చప్పుడు. హాల్లో అందరూ తల్లే వచ్చిందనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ముందుకి వంగాను.

తలుపు తోసుకుని వచ్చింది పదమూడేళ్ళ పిల్ల. పుస్తకాల సంచీ భుజాన ఉంది. సంచీ దించి, డబ్బా కింద బోర్లించి దారం కోసం వెతికింది. తెల్లది లేదు. పచ్చది తీసుకుని సూదిలోకి ఎక్కించడానికి నానా తంటాలు పడింది, కెమెరా ఎక్కడికీ పోకుండా అంతసేపూ చూస్తూనే ఉంది. వేలు పొడుచుకుంది. నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కుట్టడం అయ్యాక దారం పళ్ళతో కొరికి, గుండీ గట్టిగా ఉందా లేదా అని లాగి చూసింది. ఆ పిల్ల మొహం నాకు అప్పటిదాకా తెలియదు అక్కా. నేను చూసుకుంటూ కూర్చున్నది చొక్కాని.

వాన లేదు. సినిమా అక్కడితో అయిపోయింది. బాగుంది.

వచ్చే శనివారం వస్తున్నాను, రెండు రోజులు ఉంటాను. బావ మోకాలు నిజంగానే డాక్టరుకి చూపిద్దాం. నా డిపో చొక్కాకి పైగుండీ ఊడింది, తెస్తున్నాను. కొట్లో తెల్ల దారం ఎంతున్నా సరే, దానికి వాడకు.

నీ పొట్టి